గుండె దొరికేదాకా నడిపే పంపు: ఎల్‌వ్యాడ్‌తో విశాఖ ఇంటికొచ్చాక అసలు లెక్క

ఎకో రిపోర్టులో ఇజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఎడమ జఠరిక తనలోని రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే భాగం, 15, 20 శాతం దగ్గర ఆగిపోయింది. గుండె బలం నిలిపే డొబుటమిన్ డ్రిప్ తీస్తే బీపీ నిలవడం లేదు. ఇలాంటి రోగి ఇంటివాళ్లతో డాక్టర్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు: గుండె మార్చాలి, గుండె దొరికేదాకా ఎల్‌వ్యాడ్ అనే పంపు పెట్టించుకోవచ్చు. అక్కణ్నుంచి ప్రశ్నలన్నీ ఖర్చు చుట్టూ, ఆపరేషన్ చుట్టూ తిరుగుతాయి. ఎంతవుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, ఎక్కడ బాగా చేస్తారు? అడగాల్సినవే. అయితే ఇప్పటి పంపుల్లో మోటారు చెడిపోవడం అరుదు. ఇంటికొచ్చాక ఆస్పత్రికి మళ్లీ పరుగెత్తించేవి వేరే ఉన్నాయి: పొట్ట మీద చర్మంలోంచి బయటికొచ్చే తీగ, రక్తం పలుచన చేసే మాత్ర, గోడకున్న ప్లగ్ పాయింటు. అందుకే ఇక్కడ యంత్రం గురించి కొంత, ఇంటి గురించి ఎక్కువ చెబుతున్నాం.

లోపల ఏం బిగిస్తారు

ఎల్‌వ్యాడ్ అనేది ఎడమ జఠరికకు తోడుగా పెట్టే పంపు. రోగి గుండెను తీసెయ్యరు, అది అక్కడే ఉంటుంది. రొమ్ము ఎముక కోసి, మామూలుగా హార్ట్ లంగ్ మెషీన్ మీద ఉంచి, ఎడమ జఠరిక కొన దగ్గర కండను గుండ్రంగా కోసి తీస్తారు. ఆ రంధ్రంలో పంపు మూతిని కూర్చి కుడతారు. పంపు రెండో వైపు నుంచి 14 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం బయల్దేరి బృహద్ధమనిలో కలుస్తుంది. నీరసించిన కండ నెట్టలేని రక్తాన్ని పంపు జఠరికలోంచి లాగి నేరుగా ధమనిలోకి పంపుతుంది. పంపుకు కరెంటు, ఆదేశాలు అందించే తీగ చర్మం కింద సొరంగంలా పోయి పొట్ట పైభాగంలో ఒక పక్కన బయటికొస్తుంది. అదే డ్రైవ్‌లైన్. దాని చివర నడుముకు తగిలించుకునే కంట్రోలర్, కంట్రోలర్‌కు రెండు బ్యాటరీలు.

నేడు పెద్దవాళ్లకు ఎక్కువగా పెడుతున్నది అబ్బాట్ కంపెనీ హార్ట్‌మేట్ 3. అమెరికాలో దీనికి 2017లో అనుమతి వచ్చింది. మెడ్‌ట్రానిక్ కంపెనీ హెచ్‌వ్యాడ్ అమ్మకాన్ని 2021 జూన్‌లో ఆపేసింది. ఆ పంపుతో పక్షవాతాలు, మరణాలు ఎక్కువగా కనిపించడం ఒక కారణం. ఒకసారి ఆగితే మళ్లీ అందుకోకపోవడం రెండో కారణం.

హార్ట్‌మేట్ 3 లోపల తిరిగే చక్రం దేనికీ ఆనదు. అయస్కాంత బలం మీద గాల్లో తేలినట్టు రక్తంలో తేలుతూ తిరుగుతుంది. రాపిడి లేదు, అరిగే బేరింగు లేదు. నిమిషానికి 3,000 నుంచి 9,000 చుట్ల దాకా తిరగగలదు. చాలామందికి 5,000, 6,000 మధ్య పెడతారు. గరిష్ఠంగా నిమిషానికి 10 లీటర్లు నెట్టగలదు. ప్రతి రెండు సెకన్లకోసారి క్షణంలో కొంత భాగం వేగం తగ్గి, వెంటనే పెరుగుతుంది. పంపు మూలల్లో రక్తం నిలిచి గడ్డకట్టకుండా కడిగేసే ఏర్పాటు ఇది.

దీని ఫలితం అంకెల్లో కనబడింది. మొమెంటమ్ 3 అనే పరీక్షలో హార్ట్‌మేట్ 3ను దాని ముందు తరం హార్ట్‌మేట్ 2తో పోల్చారు. రెండేళ్లలో పంపులో గడ్డ కట్టినవాళ్లు పాతదానితో సుమారు 14 శాతం, కొత్తదానితో ఒకటిన్నర శాతం లోపు. పక్షవాతం 19 శాతం నుంచి 10 శాతానికి దిగింది. ఐదేళ్లకు బతికున్నవాళ్లు కొత్తదానితో 58 శాతం, పాతదానితో 44 శాతం. 2001లో వెలువడిన రీమ్యాచ్ పరీక్ష రోజుల్లో పంపు పెట్టినవాళ్లలో రెండేళ్లు దాటినవాళ్లు నాలుగోవంతు కూడా లేరు. ఇంత మారినా పదిమందిలో ఒకరికి రెండేళ్లలో పక్షవాతం అన్న అంకె చిన్నది కాదు. సంతకం పెట్టే ముందు ఇంటివాళ్లంతా ఆ అంకె విని ఉండాలి.

కుడి గుండె తట్టుకుంటుందా

పంపు ఎడమ వైపు పని పంచుకుంటుంది, కుడి వైపుకు పని పెంచుతుంది. ముందుకు నెట్టిన ఐదు లీటర్లూ ఒళ్లంతా తిరిగి కుడి గుండెకే చేరతాయి. పంపు లాగుడుకు జఠరికల మధ్య గోడ ఎడమకు వంగి, కుడి జఠరిక ఆకారం చెడుతుంది. అంతదాకా ఎలాగో నెట్టుకొచ్చిన కుడి వైపు అప్పుడు చేతులెత్తేస్తే ఊపిరితిత్తుల మీదుగా ఎడమకు రక్తం చేరదు, పంపుకు లాగడానికి ఏమీ ఉండదు. కాలేయం ఉబ్బుతుంది, కాళ్లు నీరు పడతాయి, మూత్రం తగ్గుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు రైట్ హార్ట్ కాథ్, అంటే సిరలోంచి కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష, తప్పనిసరి. అందులో కుడి కర్ణికలో ఒత్తిడి ఎంత, ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి ఎంత అన్నవి చూస్తారు. ఎకోలో కుడి వైపు పరవాలేదని రాసున్నంత మాత్రాన దాన్ని దాటెయ్యకూడదు.

ఇదే పరీక్షలో మరో సంగతి తేలుతుంది. ఎడమ గుండె ఏళ్ల తరబడి బలహీనంగా ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోతాయి. రక్త ప్రవాహానికి అవి చూపే నిరోధాన్ని వుడ్ యూనిట్లలో కొలుస్తారు; అది 5 దాటి మందులకు దిగకపోతే గుండె మార్పిడికి ఒప్పుకోవడం కష్టం. కొత్త గుండె కుడి వైపు ఆ ఒత్తిడికి అలవాటు పడి ఉండదు, మొదటి గంటల్లోనే చతికిలబడుతుంది. ఎల్‌వ్యాడ్ పెట్టి కొన్ని నెలలు ఎడమ వైపు ఖాళీ చేస్తూ పోతే చాలామందిలో ఈ నిరోధం దిగుతుంది. అంటే కొందరికి ఈ పంపు గుండె కోసం ఆగే కాలం గడపడానికే కాదు, గుండె తీసుకునే అర్హత తెచ్చిపెట్టడానికి కూడా. కిడ్నీ అంకెలు మెరుగవడం, ఆకలి తిరిగి రావడం, నడవగలగడం వీటికి అదనం.

ఎప్పుడు పెట్టాలన్నదానిలో ఇంటివాళ్లు సాధారణంగా ఆలస్యం చేస్తారు. డ్రిప్ మీద ఆధారపడుతున్నా ఇంకా స్పృహ, కిడ్నీ, కాలేయం నిలిచి ఉన్న దశలో పెడితే ఫలితం బాగుంటుంది. వెంటిలేటర్ మీద, షాక్‌లో ఉన్న మనిషికి నేరుగా ఎల్‌వ్యాడ్ పెడితే చనిపోయే ముప్పు బాగా ఎక్కువ. అలాంటివాళ్లకు ముందు బెలూన్ పంపో, ఇంపెల్లానో, ఎక్మోనో లాంటి తాత్కాలిక సాయం పెట్టి అవయవాలు కోలుకుంటున్నాయా అని కొన్ని రోజులు చూస్తారు. తిరిగి రాని కిడ్నీ జబ్బు, ముదిరిన సిర్రోసిస్, అదుపులో లేని ఇన్ఫెక్షన్, రక్తం పలుచన చేసే మందు పడనివాళ్లు, ఇంట్లో తోడు లేనివాళ్లు: వీళ్లకు సాధారణంగా వద్దంటారు. చివరిది వైద్య కారణం కాదనిపిస్తుంది. ఈ కింది భాగాలు చదివితే ఎందుకంటారో తెలుస్తుంది.

నాలుగు అంకెలు

కంట్రోలర్ తెర మీద నాలుగు అంకెలు కనిపిస్తాయి: నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని చుట్లు, ఎన్ని వాట్లు, పల్సటిలిటీ ఇండెక్స్. వీటిలో చుట్లు డాక్టరు పెట్టిన అంకె. లీటర్లు నేరుగా కొలిచినవి కావు. వేగం, వాట్లు, రక్తంలో హెమటోక్రిట్ (ఎర్రకణాల శాతం) చూసి యంత్రం వేసే అంచనా. హెమటోక్రిట్ మారితే ఆ అంకెను క్లినిక్‌లో సరిచేయించాలి. పల్సటిలిటీ ఇండెక్స్ అంటే రోగి సొంత గుండె ఇంకా ఎంత కొట్టుకుంటోంది, పంపులోకి ఎంత రక్తం చేరుతోంది అన్నదానికి గుర్తు.

రోజూ ఒకే సమయానికి, ఉదయం లేవగానే, ఈ నాలుగూ బరువుతో పాటు పుస్తకంలో రాయాలి. ఏ ఒక్క రోజు అంకె గురించీ కంగారు అక్కర్లేదు, వారం వరసలో తేడా చూడాలి. ప్రవాహం 2.5 లీటర్ల కిందికి దిగితే ఎర్ర గుండె గుర్తు వెలిగి ఆగకుండా అలారం మోగుతుంది.

ప్రవాహం ఎందుకు తగ్గుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. విశాఖలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మొదట అనుమానించాల్సింది ఒంట్లో నీరు తగ్గడాన్నే. గుండె జబ్బు మొదలైనప్పటి నుంచీ రోగి చెవిలో ఒకటే మాట: నీళ్లు తక్కువ తాగు, మూత్రం మాత్ర మానకు. పంపు వచ్చాక ఈ లెక్క మారుతుంది. ఉక్కపోతకు చెమట కారి, పాత మోతాదులో లాసిక్స్ వేసుకుంటూ, పైన రెండు విరేచనాలైతే జఠరికలో రక్తం చాలదు. బోరులో నీళ్లు అడుగంటినా మోటారు లాగుతూనే ఉన్నట్టు, పంపు జఠరిక గోడనే తన మూతిలోకి లాక్కుంటుంది. దాన్ని సక్షన్ అంటారు. పంపు గమనించి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఆ లాగుడుకు గుండె లయ తప్పి దడ పుట్టొచ్చు, కళ్లు తిరగొచ్చు. వేసవి మొదట్లోనే మూత్రం మాత్ర మోతాదు గురించి క్లినిక్‌ను అడిగిపెట్టుకోవాలి. సొంతంగా ఆపెయ్యడమూ తప్పే.

ప్రవాహం తగ్గి, కాళ్ల వాపు, పొట్ట ఉబ్బరం కనిపిస్తే కుడి గుండె వైపు చూడాలి. ఒంట్లో నీరు సరిగానే ఉండి, బీపీ పెరిగి ఉంటే కారణం బీపీయే. ఈ పంపు ఎదురు ఒత్తిడికి తేలిగ్గా లొంగుతుంది. ఏ వాపూ లేకుండా నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే బయటికి వెళ్లే గొట్టాన్ని అనుమానించాలి. ఆ గొట్టానికి, దాని పైతొడుగుకు మధ్య పదార్థం పేరుకుని గొట్టాన్ని బయటి నుంచి నొక్కేసే సమస్య గురించి 2024లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. సీటీ యాంజియోలో అది కనబడుతుంది. సీటీ, ఎక్స్‌రే చేయించుకోవచ్చు. ఎంఆర్ఐ మాత్రం పంపు ఉన్నంతకాలం కుదరదు. వాట్లు ఉన్నట్టుండి పెరిగి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే పంపులో గడ్డ. వెంటనే బయల్దేరాలి, రక్తకణాలు పగులుతున్నాయా అని ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష చేస్తారు.

నాడి దొరకదు

రక్తం ఆగకుండా ఒకే ధారలో పోతుంది కాబట్టి చాలామందికి మణికట్టు దగ్గర నాడి తెలియదు. మెడికల్ షాపులో కొన్న డిజిటల్ బీపీ మిషన్ తప్పు చూపొచ్చు, ఎర్రర్ రావచ్చు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ మీదా ఆధారపడలేం. బీపీ చూడాలంటే పట్టీ బిగించి, స్టెతస్కోపుకు బదులు రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే, చేతిలో పట్టే డాప్లర్ పెట్టి, గాలి తీస్తుంటే శబ్దం మొదలైన అంకె చూస్తారు. దాన్ని సగటు పీడనానికి దగ్గరి అంకెగా తీసుకుంటారు. 70 నుంచి 90 మధ్య ఉంచాలని చూస్తారు. 90 దాటి నెలలు గడిస్తే మెదడులో రక్తస్రావం ముప్పు, బృహద్ధమని కవాటం లీకవడం రెండూ పెరుగుతాయి. ఇంటికొచ్చే ముందే డాప్లర్ ఒకటి సమకూర్చుకుని, చూడటం నేర్చుకోవాలి.

కరెంటు

ఒక జత 14 వోల్టుల బ్యాటరీలు కొత్తగా ఉన్నప్పుడు 17 గంటల దాకా వస్తాయి. పాతబడేకొద్దీ తగ్గుతుంది. 360 సార్లు చార్జి చేశాక గానీ, మూడేళ్లు నిండాక గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చేయాలి. లెక్క వేసుకునేటప్పుడు జతకు 10 గంటలే అనుకోవడం మంచిది. చార్జర్‌లో ఒకేసారి నాలుగు పెట్టొచ్చు, సుమారు నాలుగు గంటలు పడుతుంది. 40 డిగ్రీలు దాటిన చోట బ్యాటరీలు ఉంచకూడదు. మే నెలలో బీచ్ రోడ్డు పక్కన అద్దాలు మూసి పార్క్ చేసిన కారులో మర్చిపోతే పాడైనట్టే.

మార్చేటప్పుడు ఒక్కటే మార్చాలి. రెండోది పంపును నడుపుతూ ఉంటుంది. తీసినప్పుడు కంట్రోలర్ బీప్ కొడుతుంది, అది మామూలే. కొత్తది గట్టిగా బిగిసి, బీప్ ఆగాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. రెండూ ఒకేసారి ఊడదీస్తే కంట్రోలర్‌లోని అత్యవసర బ్యాటరీ 15 నిమిషాలే కాపాడుతుంది. పసుపు దీపం వెలిగితే 15 నిమిషాల లోపు, ఎర్ర బ్యాటరీ వెలిగితే 5 నిమిషాల లోపు చార్జి మిగిలిందని అర్థం. గడప దాటితే, వీధి చివరి కిరాణాకైనా సరే, ఒక చార్జి చేసిన జత, రెండో కంట్రోలర్ సంచిలో ఉండాల్సిందే. రెండో కంట్రోలర్‌లో కూడా అదే రోగికి పెట్టిన వేగం నమోదై ఉండాలి. దాని లోపలి బ్యాటరీని ఆరు నెలలకోసారి చార్జి చెయ్యాలి. దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు, బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు.

రాత్రిళ్లు పంపును బ్యాటరీలతో నడుపుతూ పడుకోకూడదు. గాఢనిద్రలో అలారం వినబడకపోవచ్చు. అందుకే గోడ కరెంటుతో నడిచే పవర్ యూనిట్‌కు తగిలించుకుని పడుకోవాలి. స్విచ్‌తో ఆగిపోయే పాయింటుకు దీన్ని పెట్టొద్దన్నది నియమం. మన ఇళ్లలో ప్రతి ప్లగ్గుకూ స్విచ్ ఉంటుంది. కాబట్టి మంచం పక్కన దీనికోసమే మూడు పిన్నుల పాయింటు ఒకటి వేయించి, ఆ స్విచ్‌ను టేపుతో మూసెయ్యాలి, లేదా ఎలక్ట్రీషియన్ చేత తీయించెయ్యాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీటర్ పెట్టి చూడమనాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ అందులో తీగ ఉండదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ గంటల కోసం. తుపాను లెక్క రోజుల్లో ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యలేదు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. నాలుగు బ్యాటరీలున్న ఇల్లు జతకు 10 గంటల లెక్కన 20 గంటలకే చీకట్లో పడుతుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ చాలాచోట్ల లిఫ్టుకు, మెట్ల దీపాలకే. మన ఫ్లాట్‌లోని ఆ ఒక్క పాయింటుకు లైను ఉందా, డీజిల్ ఎన్ని గంటలకు ఉంచుతారు అన్నది అసోసియేషన్‌తో ముందే తేల్చుకోవాలి. ఇంట్లో రోగి ఉన్న సంగతి ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో డాక్టరు లేఖతో రాసిచ్చి ఉంచాలి. అదొక్కటే నమ్ముకోకూడదు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం తీరం దాటే చోటు ఉత్తరాంధ్ర వైపు చూపుతున్నప్పుడే, గాలి మొదలవకముందే, ఐసీయూ జనరేటర్ ఉన్న ఆస్పత్రికి బ్యాటరీలన్నీ, చార్జర్‌తో సహా చేరిపోవాలి. గాలి మొదలయ్యాక 108 కూడా రాలేకపోవచ్చు.

తీగ బయటికొచ్చే చోటు

చర్మంలోంచి తీగ బయటికొచ్చే రంధ్రం పూర్తిగా ఎప్పటికీ మూసుకోదు. చర్మం తీగను పట్టుకుని కొంత బిగుసుకుంటుంది, అంతే. తీగ ఒకసారి గుంజుకుంటే ఆ పట్టు చిరుగుతుంది. చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫలోకాకస్ లాంటి క్రిములు లోపలికి జారతాయి. తీగ వెంట అవి పంపు దాకా పాకితే మందులతో పూర్తిగా వదిలించడం దాదాపు కుదరదు. ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఇలా గుంజుకున్న చోటే మొదలవుతాయి. కంట్రోలర్ చేతిలోంచి జారిపడటం, తలుపు గడియకు తీగ తగులుకోవడం, ఒళ్లోకి ఎక్కిన పిల్లలు పట్టుకు లాగడం.

అందుకే తీగను బయటికొచ్చిన చోటికి కాస్త దూరంలో, అతికించే పట్టీతో పొట్టకు ఎప్పుడూ బిగించి ఉంచాలి. గుంజుడు పట్టీ మీద పడాలి, చర్మం మీద కాదు. మొలతాడు తీసెయ్యాలి. లుంగీ ముడి, లంగా బొందు, ప్యాంటు బెల్టు ఆ రంధ్రం మీద ఒరుసుకోకూడదు. వీలైతే ఆపరేషన్‌కు ముందే బట్టలు వేసుకుని నిలబడి, కూర్చుని, బొందు ఎక్కడ పడుతుందో సర్జన్‌కు చూపించి గుర్తు పెట్టించుకోవాలి.

డ్రెస్సింగ్ మార్చేది ఇంట్లో ఒకరు, వాళ్లకు అడ్డం వచ్చినప్పుడు చేసేందుకు ఇంకొకరు. ఇద్దరూ ఆస్పత్రిలో నర్సు ముందు చేసి చూపించాలి. ఫ్యాన్, ఏసీ ఆపాలి, కిటికీలు మూయాలి, ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. చేతులు కడిగి పాత డ్రెస్సింగ్ తీశాక మళ్లీ కడుక్కుని, స్టెరైల్ గ్లవ్స్ వేసుకుని, క్లోర్‌హెక్సిడిన్‌తో రంధ్రం దగ్గర మొదలుపెట్టి బయటికి గుండ్రంగా తుడవాలి. తడి పూర్తిగా ఆరాకే గాజ్ గుడ్డ వేసి మూయాలి. విశాఖ గాలిలో తేమకు ఆ ఆరడమే ఆలస్యం. తొందరపడి తడి మీద మూస్తే కింద చర్మం నానిపోతుంది. చెమటకు అంచులు లేచినా డ్రెస్సింగ్ ఆ రోజే మార్చాలి. పసుపు, కొబ్బరినూనె, షాపులో అడిగి తెచ్చిన ఆయింట్‌మెంటు ఏదీ రాయొద్దు. ఎరుపు, చీము, వాసన, నొక్కితే నొప్పి, కొత్తగా జ్వరం: వీటిలో ఏది కనబడినా ఫొటో తీసి అదే రోజు క్లినిక్‌కు పంపాలి. చీము పరీక్షకు తియ్యకముందే దగ్గర్లో దొరికిన యాంటీబయాటిక్ మింగిస్తే క్రిమి ఏదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

స్నానం సంగతి: పుండు ఆరి క్లినిక్ ఒప్పుకునేదాకా తడిబట్టతో తుడుచుకోవడమే. తర్వాత కంట్రోలర్‌ను, బ్యాటరీలను నీరు చొరని సంచిలో పెట్టుకుని షవర్ కింద చెయ్యొచ్చు. టబ్బు, చెరువు, సముద్రం, పుష్కర స్నానం లేవు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నడక సరే, అల దగ్గరికి వద్దు. సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడవడం పంపుకు అసాధ్యం కాకపోవచ్చు. ఆ తోపులాటలో తీగకు మాత్రం క్షేమం కాదు.

రక్తం పలుచన

వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎక్కువగా రాసే అసిట్రామ్ గానీ వేసుకుంటూ, రక్తం ఎంత పలుచనైందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకెను 2, 3 మధ్య ఉంచాలి. ఆస్పిరిన్ కూడా కలపడం చాలా ఏళ్లుగా ఆనవాయితీ. 2023లో వచ్చిన ఏరీస్ పరీక్షలో హార్ట్‌మేట్ 3 ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ లేకపోయినా గడ్డలు పెరగలేదు, రక్తస్రావం మాత్రం తగ్గింది. ఇంకా ఆస్పిరిన్ రాస్తూ ఉంటే ఎందుకని అడగడంలో తప్పు లేదు. స్టెంట్ లాంటి వేరే కారణం ఉండొచ్చు. అడగకుండా మానెయ్యకూడదు.

ఈ రోగుల్లో పేగుల్లోంచి రక్తం పోవడం ఎక్కువ, దానికి మాత్రలే కారణం కాదు. పంపులో వేగంగా తిరిగే రక్తంలోని వాన్ విలెబ్రాండ్ అనే ప్రొటీను పొడవాటి గొలుసులు తెగిపోతాయి. గడ్డకట్టడం మొదలవ్వడానికి అవి కావాలి. పైగా నాడి లేని ప్రవాహంలో పేగు గోడల మీద సన్నని, తేలిగ్గా చిట్లే రక్తనాళాలు పుట్టుకొస్తాయి. మలం తారులా నల్లగా రావడం, కారణం లేని నీరసం దీని గుర్తులు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ నల్లగానే వస్తుంది కాబట్టి అనుమానం వస్తే హీమోగ్లోబిన్ చూపించాలి.

ఐఎన్‌ఆర్ ఎగుడుదిగుడులకు మామూలు కారణాలు వంటింట్లో, మందుల షాపులో ఉంటాయి. తోటకూర, పాలకూర, మునగాకు మానక్కర్లేదు, వారానికి ఎంత తింటారో అంతే స్థిరంగా తినాలి. కార్తీకంలో ఉన్నట్టుండి నెలంతా ఆకుకూరలు పెంచితే ఐఎన్‌ఆర్ పడిపోతుంది. చాలా యాంటీబయాటిక్స్ దాన్ని పెంచేస్తాయి. కొత్త మందు మొదలైన మూడు నాలుగు రోజుల్లోనే మళ్లీ పరీక్ష చేయించాలి. కీళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. ఏముందో రాయని ఆకుపసర్లు, పొడులు అసలే వద్దు. ఉప్పు చేప, ఆవకాయ రక్తాన్ని గడ్డకట్టించవు గానీ బీపీని పెంచుతాయి, పంపుకు బీపీ పడదని పైన చెప్పుకున్నాం. పన్ను తీయించుకోవాలన్నా పంపు పెట్టిన ఆస్పత్రికి ఫోన్ చేశాకే. మాత్ర ఆపమని పళ్ల డాక్టరు చెప్పినా ఆపకూడదు.

మనిషి పడిపోతే

వచ్చిన అంబులెన్స్ సిబ్బంది ఇలాంటి రోగిని ముందెన్నడూ చూసి ఉండకపోవచ్చు. నాడి లేదు, బీపీ రాదు. పోయాడనుకునే ప్రమాదం ఉంది. ఎడమ రొమ్ము కింద చెవి పెడితే పంపు సన్నగా గుయ్‌మనడం వినబడుతుంది. వినబడుతూ, మనిషి మాట్లాడుతుంటే కంగారు లేకుండా కంట్రోలర్ తెర చూడాలి. వినబడకపోతే మొదట తీగలు, బ్యాటరీలు సరిగా బిగిశాయా చూడాలి. తర్వాత రోగిని పడుకోబెట్టి, నేర్చుకున్న పద్ధతిలో, క్లినిక్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ రెండో కంట్రోలర్ మార్చాలి. స్పృహ లేదు, ఊపిరి లేదు, పంపు తిరిగి మొదలవ్వలేదు అంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టొచ్చు. పంపు కదులుతుందన్న భయంతో పూర్తిగా మానెయ్యడం ఇప్పుడు సరైనదిగా భావించడం లేదు. కరెంటు షాక్ ఇవ్వాల్సి వస్తే పంపు తీగ ఊడదియ్యక్కర్లేదు. ఇదంతా తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పంపు పెట్టిన ఆస్పత్రి ఫోన్ నంబరుతో రాసి ఒక కాగితం సంచిలో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద ఉంచాలి. మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే ఫోన్లలో కాలం గడపకుండా సీటీ ఉన్న ఆస్పత్రికి వెళ్లిపోవాలి.

గుండె వచ్చిందని ఫోన్ వస్తే

దాత శరీరంలోంచి తీసిన గుండెను మామూలు పద్ధతిలో ఐస్‌లో ఉంచితే సుమారు నాలుగు గంటల్లోపు కొత్త శరీరంలో రక్తప్రసరణ మొదలవ్వాలి. ఎల్‌వ్యాడ్ ఉన్న రోగికి ఈ గడువు ఇంకా ఇరుకు. ఛాతీ ఒకసారి తెరిచి మూసినది. పంపు, గొట్టం, గుండె, రొమ్ము ఎముక ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీయడానికే సర్జన్‌కు గంటలు పడుతుంది. కాబట్టి దాత గుండె విమానం ఎక్కకముందే రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండాలి. అసిట్రామ్ ప్రభావాన్ని విటమిన్ కె తోనూ, గడ్డకట్టే పదార్థాల ఇంజెక్షన్లతోనూ తిప్పికొడతారు, అయినా రక్తం ఎక్కువే పోతుంది.

విశాఖ కుటుంబం హైదరాబాద్‌లోనో చెన్నైలోనో నమోదైతే ఈ గంటల లెక్క నెత్తిన పడుతుంది. ఫోన్ అర్ధరాత్రి వస్తే విమానం ఉండదు. రైల్లో హైదరాబాద్ చేరేసరికి గుండె మరొకరికి పోతుంది. కోలుకున్నాక ఇంటికి పంపినా, జాబితాలో పేరు పైకి వస్తున్న దశలో ఆస్పత్రికి దగ్గర్లో అద్దె గది తీసుకోవడం తప్పదు. తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో 2023 నుంచి గుండె మార్పిడులు జరుగుతున్నాయి, విశాఖ నుంచి అదీ రాత్రంతా ప్రయాణమే. ఆంధ్రప్రదేశ్‌లో అవయవాల కేటాయింపు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం ద్వారా జరుగుతుంది. స్థానికత నిబంధన లేకుండా ఏ రాష్ట్రంలోనైనా నమోదు చేసుకోనివ్వాలని 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు చెప్పింది. కేటాయింపు వరస మాత్రం ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే. నమోదు చేయించే ముందు కోఆర్డినేటర్‌ను ఆ వరస ఎలా సాగుతుందో రాసి చూపమనాలి.

నిరీక్షణ కాలంలో ఎవరూ పట్టించుకోని ముప్పు ఒకటి: రక్తం ఎక్కించడం. ప్రతి యూనిట్‌తోనూ పరాయి కణాల మీద యాంటీబాడీలు పెరిగే అవకాశం ఉంది. అవి ఎక్కువైతే సరిపడే గుండె దొరకడం కష్టమవుతుంది, నెలలు సంవత్సరాలవుతాయి. ఏదో కారణంగా స్థానిక ఆస్పత్రిలో చేరినప్పుడు హీమోగ్లోబిన్ 9 ఉందని అలవాటుగా రెండు యూనిట్లు పెట్టేయబోతే ఇంటివాళ్లు ఆపి, మార్పిడి ఆస్పత్రి వైద్యుడితో మాట్లాడించాలి. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావం అయితే ఆలోచించక్కర్లేదు, ఎక్కించాల్సిందే. అప్పుడైనా తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగాలి.

డబ్బు, కాగితాలు

పరికరం ధరే పదుల లక్షల్లో ఉంటుంది, ఆపరేషన్, ఐసీయూ కలిపి కోటికి చేరడం వింత కాదు. ఆ తర్వాత డ్రెస్సింగ్ సామాన్లు, ఐఎన్‌ఆర్ పరీక్షలు, నెలనెలా ప్రయాణాలు, మూడేళ్లకు కొత్త బ్యాటరీలు. గుండె దొరికాక మార్పిడి ఖర్చు, జీవితాంతం మందుల ఖర్చు వేరే. ఎన్టీఆర్ వైద్య సేవ, బీమా, ముఖ్యమంత్రి సహాయ నిధి వీటిలో దేనికి ఎంత ఇస్తాయో నోటిమాట మీద నమ్మకుండా, పంపుకు ఎంత, మార్పిడికి ఎంత అని విడివిడిగా కాగితం మీద తీసుకోవాలి. ఆస్పత్రిని అడిగి రాయించుకోవాల్సినవి ఇంకొన్ని: కిట్‌తో ఎన్ని బ్యాటరీలు ఇస్తారు, రెండో కంట్రోలర్ ధరలోనే ఉందా, పవర్ యూనిట్ చెడిపోతే విశాఖకు ఎన్ని రోజుల్లో పంపుతారు, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎల్‌వ్యాడ్ తెలిసిన కోఆర్డినేటరా లేక రిసెప్షనా, విశాఖలో ఏ కార్డియాలజిస్టు డాప్లర్ బీపీ చూసి, ఎకో తీసి వాళ్లకు పంపేందుకు ఒప్పుకున్నారు. ఆ చివరి ప్రశ్నకు పేరు, ఫోన్ నంబరుతో జవాబు రాకపోతే డిశ్చార్జి తేదీ వాయిదా వేయించుకోవడం మేలు.